జెండా చూసి గుర్తుపట్టండి.. తలుపు తీసే ఉంటుంది!

* నాందేడ్, బీదర్ గురుద్వారాల్లోకి ఏ మతం వారైనా వెళ్ళవచ్చు
* టికెట్టు లేదు, గోత్రం అడగరు, కులం అడగరు
* తలకు గుడ్డ, ఒట్టి కాళ్ళు, జేబులో తంబాకు లేకపోవడం.. ముఖ్యమైన నియమాలు ఇవే

నాందేడ్ (మన ప్రతినిధి): బాసరలో సరస్వతమ్మ దర్శనం చేసుకుని, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించి, అదే రైలుమార్గంలో ఇంకొంచెం ముందుకు వెళితే ధర్మాబాద్, ఉమ్రి, ముద్ఖేడ్ దాటాక నాందేడ్ వస్తుంది. స్టేషన్ బోర్డు మీద 'హుజూర్ సాహిబ్ నాందేడ్' అని రాసి ఉంటుంది. ఆ పేరు ఎందుకు పెట్టారో తెలియని ప్రయాణికులు ఇప్పటికీ ఉన్నారు. ఊరి పేరుకు ముందు ఉన్న ఆ రెండు మాటలు ఒక గురుద్వారావి.

దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, భోకర్, కిన్వట్ వైపు మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఆస్పత్రికో, కోర్టు పనికో, పెళ్ళి బట్టలకో నాందేడ్ వెళ్ళక తప్పదు. వెళ్ళిన ప్రతిసారీ దూరం నుంచి తెల్లటి గుమ్మటం, దాని మీద బంగారు మలామా చూసి దండం పెట్టుకుంటారు. అంతటితో సరి! లోపలికి అడుగుపెట్టినవాళ్ళు మాత్రం తక్కువే. బీదర్ పక్కన ఉన్న మనవాళ్ళ సంగతీ అంతే. 'మనల్ని రానిస్తారో లేదో', 'పద్ధతి తెలియక తప్పు చేస్తే ఏమంటారో', 'కత్తులు పెట్టుకుని నిలబడతారు కదా' అన్న సంకోచమే దీనికి కారణం. పక్కింట్లో పాతికేళ్ళు ఉండి కూడా ఆ ఇంటి గడప తొక్కకపోవడం లాంటిదిది.

నిజానికి గురుద్వారా అంటేనే గురువు ద్వారం. ఆ ద్వారం ఎవరికీ మూయరు. కావలసిందల్లా గుర్తుపట్టడం, నాలుగు మర్యాదలు తెలుసుకోవడం.

ఎలా గుర్తుపట్టాలి?

మన గుడికి ధ్వజస్తంభం ఎలాగో గురుద్వారాకు 'నిశాన్ సాహిబ్' అలాగ. ఆవరణలో అన్నిటికంటే ఎత్తుగా ఒక జెండా కర్ర ఉంటుంది. కర్రకు కింది నుంచి పై దాకా గుడ్డ తొడిగి ఉంటుంది. ఆ తొడుగును 'చోలా' అంటారు. పైన మూడు మూలల జెండా. మామూలు జెండా కర్రకూ దీనికీ తేడా ఈ తొడుగులోనే తెలిసిపోతుంది. దర్గా మీద ఆకుపచ్చ జెండా, గుడి మీద కాషాయ జెండా చూడటం మనకు అలవాటే. అయితే కాషాయ రంగు కనిపించగానే గుడి అనుకుని వెళ్ళిపోవద్దు. కర్రకు గుడ్డ చుట్టి ఉందా, జెండా మీద 'ఖండా' గుర్తు ఉందా చూడండి.

ఖండా అంటే నడుమ రెండు వైపులా పదునున్న నిలువు కత్తి, దాని చుట్టూ చక్రం, అటూ ఇటూ వంపు తిరిగిన రెండు కత్తులు. ఆ రెండు కత్తుల్లో ఒకటి లోకవ్యవహారానికి, రెండోది ఆధ్యాత్మికానికి గుర్తని చెబుతారు. గోడల మీద, తలుపుల మీద గురుముఖి లిపిలో 'ఇక్ ఓంకార్' అక్షరం కూడా కనిపిస్తుంది. దేవుడు ఒక్కడే అని దాని అర్థం. అంకె 1, దాని పక్కన పైకి గీత సాగిన అక్షరం.. ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

జెండా రంగు విషయంలో ఒక మార్పు జరిగింది. ఎన్నో ఏళ్ళుగా చాలాచోట్ల కాషాయం వాడుతూ వచ్చారు. అది సిక్కు సంప్రదాయం ప్రకారం సరైంది కాదని, పసుపుకు దగ్గరగా ఉండే బసంతీ గానీ, ముదురు నీలం కలిసిన సుర్మయీ గానీ వాడాలని 2024లో అమృత్‌సర్ నుంచి గురుద్వారాలకు సూచన వెళ్ళింది. అందుకే ఒక ఊళ్ళో పసుపు, ఇంకో ఊళ్ళో నీలం, మరోచోట కాషాయం కనిపించినా తికమక పడనక్కర్లేదు. నిహంగ్ సిక్కుల దగ్గర నీలం ఎక్కువ.

గుమ్మటాలు, పాలరాయి, బంగారు రేకు ఉంటేనే గురుద్వారా అనుకోవడం కూడా పొరపాటే. నాలుగు గదుల మేడ మీద హాల్లో నడిచేవి ఉన్నాయి. కట్టడం ఎలాంటిదైనా లోపల గురు గ్రంథ సాహిబ్ ఉందా లేదా అన్నదే లెక్క. గ్రంథం ఉంటే అది గురుద్వారా, లేకపోతే ఎంత పెద్ద భవనమైనా కాదు.

గడప దాకా వెళ్ళాక..

ముందు చెప్పులు. బయట 'జోడా ఘర్' అని ఉంటుంది. అక్కడ మన చెప్పులు అందుకుని బిళ్ళ ఇచ్చేవారిని చూసి కూలీలు అనుకోవద్దు. వాళ్ళలో వ్యాపారస్తులు, ఉద్యోగులు, పెద్ద చదువుల వాళ్ళు కూడా ఉంటారు. పదిమంది చెప్పులు మోస్తే అహంకారం తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. డబ్బు ఇవ్వబోతే తీసుకోరు. చేతులు జోడిస్తే చాలు.

తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. ఆ పైన తల కప్పుకోవాలి. ఆడవాళ్ళకు పైట కొంగో చున్నీయో సరిపోతుంది. మగవాళ్ళు, పిల్లలు చేతిరుమాలు కట్టుకోవచ్చు. మన రైతులు కట్టే తలగుడ్డ ఉంటే ఇంకా మంచిది. ఏదీ లేకపోతే గుమ్మం దగ్గర బుట్టలో రుమాళ్ళు పెట్టి ఉంచుతారు. బయటికి వచ్చాక తిరిగి ఆ బుట్టలోనే వేయాలి. టోపీ కంటే గుడ్డ కట్టుకోవడమే మర్యాద. లోపల ఉన్నంతసేపూ తల మీద గుడ్డ జారకుండా చూసుకోవాలి.

మన ప్రాంతం వాళ్ళు మరీ జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. బీడీ కట్ట, గుట్కా పొట్లం, తంబాకు డబ్బీ.. ఇవి జేబులో ఉన్నా సరే బయటే వదిలేయాలి. సిక్కులకు పొగాకు నిషిద్ధం. తాగకపోయినా దగ్గర ఉంచుకుని లోపలికి వెళ్ళడం వాళ్ళ మనసు నొప్పించే పని. మందు తాగి వెళ్ళకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

అంటుముట్టు మాటేమిటని ఆడవాళ్ళు అడుగుతుంటారు. నెలసరి, పురుడు, మైల పేరుతో మనిషిని దూరం పెట్టడాన్ని గురు నానక్ ఒప్పుకోలేదు. అందువల్ల ఆ రోజుల్లో రావద్దన్న కట్టుబాటు సిక్కు బోధనలో లేదు.

దర్బారులో ఏం చేయాలి?

లోపల విగ్రహం కోసం వెతకొద్దు. పెద్ద హాలు, కింద తివాచీలు, ఎదురుగా ఎత్తైన పీఠం, పైన చాందినీ. ఆ పీఠం మీద పట్టు గుడ్డల నడుమ ఉన్న గ్రంథమే గురు గ్రంథ సాహిబ్. వెనక కూర్చున్న గ్రంథీ వింజామర వీస్తుంటారు. ఆ గ్రంథాన్ని పుస్తకంగా కాక సజీవ గురువుగా చూస్తారు. తెల్లవారుజామున మేలుకొలిపినట్టు తెరుస్తారు, రాత్రి పవళింపు చేసినట్టు వేరే గదిలోకి తీసుకెళ్తారు. మన గుళ్ళలో సుప్రభాతం, పవళింపు సేవ తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు.

గ్రంథం ఎదుట మోకాళ్ళ మీద వంగి నుదురు నేలకు ఆనించడం వాళ్ళ పద్ధతి. మనం చేతులు జోడించి తల వంచినా చాలు. ఎదురుగా హుండీ లాంటి 'గోలక్' ఉంటుంది. వేయాలనిపిస్తే వేయొచ్చు, వేయకపోతే ఎవరూ అడగరు. అర్చన టికెట్టు లేదు, వీఐపీ దర్శనం లేదు, కొబ్బరికాయ కొట్టడం లేదు. పేరు, గోత్రం చెప్పే పని అంతకన్నా లేదు.

దండం పెట్టుకున్నాక పక్కకు జరిగి నేల మీద కూర్చోవాలి. చాలాచోట్ల ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. కాళ్ళు గ్రంథం వైపు చాపకూడదు. గ్రంథానికి వీపు పెట్టి కూర్చోకూడదు. హార్మోనియం, తబలాతో రాగీలు పాడే పాటను 'కీర్తన్' అంటారు. భాష అర్థం కాకపోయినా మన భజన గుర్తుకు రాకమానదు. ఆ పాటల్లో మనకు తెలిసినవాళ్ళవీ ఉన్నాయి. నాందేడ్ పక్క జిల్లా హింగోలీలో ఉన్న నర్సీ ఊరివాడని చెప్పే పండరి భక్తుడు నామదేవుడి పదాలు గురు గ్రంథంలో ఉన్నాయి. కబీరు, రవిదాసు, షేక్ ఫరీద్ పదాలూ ఉన్నాయి. దర్జీ ఇంట పుట్టినవాడు, నేతగాడు, చెప్పులు కుట్టేవాడు, ముస్లిం ఫకీరు రాసిన మాటలు ఒకే 1430 పేజీల గ్రంథంలో చేరాయి. దానికే అందరూ తల వంచుతున్నారు. ఈ సంగతి తెలిశాక ఆ పట్టుగుడ్డల నడుమ ఏముందో అర్థమవుతుంది.

మధ్యలో అందరూ లేచి నిలబడితే మీరూ లేవండి. అది 'అర్దాస్', అంటే ప్రార్థన. అది అయ్యాక గ్రంథం తెరిచి, కంటికి కనబడిన పదం చదువుతారు. అది ఆనాటికి గురువు ఆజ్ఞ.

చివర్లో కడా ప్రసాదం పంచుతారు. గోధుమపిండి, చక్కెర, నెయ్యి సమానంగా వేసి చేసిన హల్వా. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. ఒక చేత్తో తీసుకోవడం, వద్దని తోసేయడం మర్యాద కాదు. నెయ్యి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎక్కువ తినలేనివాళ్ళు 'థోడా' అంటే కొంచెమే పెడతారు.

అన్నం దగ్గర అసలు పాఠం

గురుద్వారాకు వెళ్ళి లంగర్‌లో తినకుండా వస్తే సగమే చూసినట్టు. లంగర్ అంటే అందరికీ పెట్టే భోజనం. గురు నానక్ కాలం నుంచి వస్తున్న ఏర్పాటిది. ముందు బంతిలో కూర్చో, తర్వాతే గురువును చూడు అని మూడో గురువు అమర్‌దాస్ నియమం పెట్టారు. అక్బర్ పాదుషా అంతటివాడు వచ్చినా బంతిలోనే కూర్చున్నాడని సిక్కులు చెప్పుకుంటారు.

ఈ నియమం వెనక ఉన్న సంగతి మనకు బాగా తెలుసు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగాలి అన్న దగ్గరే మన ఊళ్ళలో కులం బతికింది. బంతిభోజనంలో వేరు వరసలు వేయడం చూసినవాళ్ళు మనలో ఎందరో! లంగర్‌లో ఒకటే వరస. నేల మీద చాప. కలెక్టరైనా, కూలీ అయినా అక్కడే. కులం సిక్కుల్లో మొత్తంగా మాయమైపోయిందని చెప్పలేం. పెళ్ళిళ్ళలో, ఊళ్ళలో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ బంతిలో మాత్రం దానికి చోటు లేదు.

భోజనం శాకాహారం. రొట్టె, పప్పు, కూర. చాలాచోట్ల అన్నం కూడా వడ్డిస్తారు. రొట్టె రెండు చేతులతో అందుకోవాలి. ఎంత కావాలంటే అంత అడిగి తినొచ్చు గానీ వదిలేయకూడదు. తిన్న పళ్ళెం తీసుకెళ్ళి ఇవ్వాలి. ఓపిక ఉంటే కాసేపు కూరగాయలు తరగొచ్చు, రొట్టెలు ఒత్తొచ్చు, గిన్నెలు తోమొచ్చు. ఎవరినీ అనుమతి అడగనక్కర్లేదు, వెళ్ళి కూర్చుంటే పక్కవాళ్ళే పని చెబుతారు. 'సేవా' అన్నమాటకు అర్థం అక్కడే తెలుస్తుంది.

ఆస్పత్రిలో మనవాళ్ళను చేర్చి, చేతిలో డబ్బు అయిపోయి, ఏం తినాలో తెలియక కూర్చున్నవాళ్ళు నాందేడ్‌లో కనిపిస్తూనే ఉంటారు. అలాంటివాళ్ళు సిగ్గు పడకుండా లంగర్‌కు వెళ్ళొచ్చు. అది దానం కాదు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరు తిన్నారో రాసుకోరు. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు పంజాబ్ వైపు నుంచి వచ్చిన దాదాపు 4 వేల మంది యాత్రికులు నెల రోజులకు పైగా నాందేడ్‌లోనే చిక్కుకుపోయారు. ఊళ్ళకు బస్సులు కదిలేదాకా వాళ్ళను ఆదుకున్నది ఇక్కడి గురుద్వారాలే.

నాందేడ్‌కు ఎందుకింత పేరు?

సిక్కులకు అయిదు తఖ్తులు, అంటే అయిదు పీఠాలు ఉన్నాయి. అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్, ఆనంద్‌పూర్‌లోని కేశ్‌గఢ్ సాహిబ్, తల్వండీ సాబోలోని దమ్‌దమా సాహిబ్.. ఈ మూడూ పంజాబ్‌లో ఉన్నాయి. నాలుగోది బీహార్‌లోని పట్నా సాహిబ్. అయిదోది మన గోదారి ఒడ్డున ఉన్న హుజూర్ సాహిబ్.

పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో మొగలు చక్రవర్తి బహదూర్ షా దండుతో పాటు దక్కనుకు వచ్చి నాందేడ్‌లో ఆగారు. ఇక్కడే ఆయన మీద హత్యాయత్నం జరిగింది. గాయం కుట్టారు, కానీ అది మళ్ళీ తిరగబెట్టింది. 1708 అక్టోబరులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 41 ఏళ్ళు. పోయేముందు తన తర్వాత మనిషి గురువుగా ఉండడని, గ్రంథమే గురువని ప్రకటించారు. అంటే ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ గురుద్వారాలో గ్రంథానికి తల వంచినా ఆ ఆచారానికి మూలమైన ఆజ్ఞ వెలువడింది నాందేడ్‌లోనే. 2008లో ఆ ఘట్టానికి 300 ఏళ్ళు నిండినప్పుడు ఇక్కడ పెద్ద ఉత్సవం జరిగింది. ఊరి రోడ్లు, విమానాశ్రయం అప్పుడే రూపు మార్చుకున్నాయి.

గురువుకు దహనం జరిగిన చోట లోపలి గది ఉంది. దాన్ని 'అంగీఠా సాహిబ్' అంటారు. ఇప్పుడున్న కట్టడాన్ని పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ డబ్బూ మనుషులనూ పంపి 1832-1837 మధ్య కట్టించారు. గురువు ఆయుధాలు ఇక్కడ భద్రపరిచారు. అప్పటికి నాందేడ్ నిజాం రాజ్యంలోది. ఈ గురుద్వారా పాలనకు సంబంధించిన చట్టం కూడా 1956లో హైదరాబాద్ రాష్ట్రం ఉండగా వచ్చిందే.

బందా సింగ్ బహదూర్ కథ మొదలైందీ ఇక్కడే. గోదారి ఒడ్డున మఠం పెట్టుకుని ఉన్న మాధోదాస్ అనే బైరాగి 1708లో గురువును కలిశాడు. ఆయన శిష్యుడై పంజాబ్ వెళ్ళి మొగలు సర్కారును గడగడలాడించాడు. ఆ చోటునే బందా ఘాట్ అంటారు. నగీనా ఘాట్, హీరా ఘాట్, మాల్ టేక్డీ, శికార్ ఘాట్, సంగత్ సాహిబ్.. ఇలా చుట్టుపక్కల ఇంకా చాలా గురుద్వారాలు ఉన్నాయి. ఒక రోజు పెట్టుకుంటే ఆటోలో చుట్టి రావచ్చు.

హుజూర్ సాహిబ్‌లో పంజాబ్‌లో కనిపించని పాత ఆచారాలు కొన్ని ఉన్నాయి. సాయంత్రం దీపాలతో హారతి ఇస్తారు. గురు గ్రంథ సాహిబ్‌తో పాటు దశమ గ్రంథం కూడా ఉంచుతారు. రోజూ గోదావరి నీళ్ళు తెచ్చే సంప్రదాయం ఉంది. కాబట్టి ఇక్కడ చూసిందే అన్ని గురుద్వారాల పద్ధతి అనుకోవద్దు. ఇక్కడ బిందెలోకి తోడే గోదారే కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని, బాసర దాటి, రాజమండ్రి మీదుగా యానాం దాకా వెళుతుంది. యానాంలో గౌతమీ స్నానం చేసే మనవాళ్ళకు ఈ ఊరు పరాయిదెలా అవుతుంది?

బీదర్‌లో ఊటనీరు

జహీరాబాద్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు వెళితే బీదర్. కోట చూసినవాళ్ళు నానక్ ఝీరా సాహిబ్ కూడా చూడాలి. ఝీరా అంటే ఊట. 16వ శతాబ్దం మొదట్లో గురు నానక్ దక్షిణ దేశ యాత్రలో బీదర్ వచ్చారని, మంచినీళ్ళు లేక జనం అల్లాడుతుంటే కొండ పక్క రాయిని తన పాదుకతో జరిపారని, నీళ్ళు ఉబికి వచ్చాయని స్థల పురాణం. ఆ ఊట ఇప్పటికీ పారుతోంది. నీళ్ళు అమృత్ కుండ్‌లో చేరతాయి. ఇప్పుడున్న గురుద్వారా 1948లో మొదలైంది.

బీదర్‌కు ఇంకో గొప్ప ఉంది. 1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ కత్తి దూసి, తల ఇచ్చేవారు ఎవరని అడిగినప్పుడు ఒకరి తర్వాత ఒకరు లేచిన అయిదుగురిని 'పంచ్ ప్యారే' అంటారు. ఖాల్సా పంథాకు వాళ్ళే తొలి మనుషులు. ఆ అయిదుగురిలో భాయి సాహిబ్ సింగ్ బీదర్ వాడు, మంగలి కులస్థుడు. భాయి హిమ్మత్ సింగ్ ఒడిశాలోని జగన్నాథ పూరి వాడు, నీళ్ళు మోసే కులంవాడు. బరంపురం, పర్లాకిమిడి వైపు మన పాఠకులకు ఇది గుర్తుంచుకోదగ్గ మాట. మిగతా ముగ్గురిదీ లాహోరు, హస్తినాపురం, ద్వారక. దేశం నాలుగు మూలల నుంచి, వేర్వేరు కులాల నుంచి వచ్చిన అయిదుగురికి దీక్ష ఇచ్చి, తర్వాత వాళ్ళ చేతనే గురువు తానూ దీక్ష తీసుకున్నారు.

బీదర్ దగ్గరే జనవాడలో మాయి భాగో గురుద్వారా ఉంది. 1705 ముక్త్‌సర్ యుద్ధంలో, గురువును వదిలి వెనక్కి వెళ్ళిన నలభై మందిని మళ్ళీ పోరుకు నడిపించిన వీరవనిత ఆమె. గురువు పోయాక ఇక్కడే ఉండిపోయి, ఇక్కడే కన్నుమూశారు.

వీళ్ళు ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళా?

తలపాగా, గడ్డం చూడగానే 'పంజాబ్ నుంచి వచ్చారు' అనుకోవడం మనకు అలవాటు. ఇది అన్నివేళలా నిజం కాదు. 1830ల ప్రాంతంలో నిజాం సర్కారు కోరిక మీద రంజిత్ సింగ్ పంపిన సిక్కు దళం హైదరాబాద్ చేరింది. వాళ్ళు అత్తాపూర్ దగ్గర బారంబాలాలో దిగారు. తర్వాత నిజాం రాజ్యమంతా సర్దుకున్నారు. వాళ్ళ సంతతినే దక్కనీ సిక్కులు అంటారు. దాదాపు రెండు వందల ఏళ్ళ మాట ఇది. నాందేడ్‌లో మరాఠీ, బీదర్‌లో కన్నడం, హైదరాబాద్‌లో తెలుగు, అన్నిచోట్లా దక్కనీ ఉర్దూ మాట్లాడతారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. మనదీ ఇలాంటి కథే కదా! రాష్ట్రాల గీతలు 1956లో మారాయి. ఇల్లు మారలేదు, పొలం మారలేదు, కానీ బోర్డు మీద భాష మారింది. 'మీరు ఆంధ్రా వాళ్ళు కదా' అన్న మాట పుట్టి పెరిగిన ఊళ్ళోనే విన్నవాళ్ళం. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో మనకు తెలుసు. అదే మాట మనం సర్దార్జీని అనకూడదు.

తెలియకపోవడం ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది. 1984లో ఢిల్లీలో తలపాగా గుర్తుగా మనుషులను వెతికి చంపారు. 1988 సెప్టెంబరులో బీదర్‌లోనే ఇంజినీరింగ్ చదువుకోవడానికి ఉత్తరాది నుంచి వచ్చిన సిక్కు విద్యార్థులపై దాడులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. గురు నానక్ నీళ్ళు తెచ్చాడని చెప్పుకునే ఊళ్ళో, సాహిబ్ సింగ్ పుట్టిన ఊళ్ళో ఇది జరిగింది. పక్కవాడి గడప తొక్కి, అతని పక్కన కూర్చుని తిన్నంత మాత్రాన అల్లర్లు ఆగిపోతాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కానీ ముఖం తెలిసిన మనిషి మీదికి రాయి విసరడం అంత తేలిక కాదు.

కిర్పాన్ అంటే భయపడేవాళ్ళకూ ఒక మాట. దీక్ష తీసుకున్న సిక్కు అయిదు గుర్తులు ధరించాలి. కత్తిరించని కేశాలు, దువ్వెన, ఇనుప కడియం, పొట్టి లాగు, కిర్పాన్. బలహీనుడిని కాపాడాలన్న బాధ్యతకు కిర్పాన్ గుర్తు. మన రాజ్యాంగం 25వ అధికరణమే దాన్ని ధరించే హక్కును గుర్తించింది. నీలం బట్టలు, ఎత్తైన తలపాగా, చేతిలో బల్లెంతో కనిపించే నిహంగ్‌లు కూడా యాత్రికులే. దారి అడిగితే చెబుతారు.

వాళ్ళను చూసి మనం నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది. రెండు వందల ఏళ్ళయినా గురుముఖి అక్షరం వాళ్ళ చేజారలేదు. కారణం గ్రంథం చదవాలంటే లిపి రావాలి, ఆ లిపి పిల్లలకు గురుద్వారాలోనే నేర్పుతారు. సర్కారు బడి నేర్పుతుందా లేదా అని ఎదురుచూస్తూ కూర్చోలేదు. సరిహద్దు ఊళ్ళలో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట మరాఠీనో కన్నడమో చదివి, తెలుగు బోర్డు చదవలేక నిలబడుతున్నారు. మన రామమందిరంలోనో, మార్కండేయ గుడిలోనో ఆదివారం పూట గంటసేపు అ ఆలు దిద్దించడానికి ఎవరి అనుమతి కావాలి?

మీకు దగ్గర్లో..

నాందేడ్, బీదర్ దూరమైనవాళ్ళకు కూడా గురుద్వారా అందుబాటులోనే ఉంది. చెన్నై టి.నగర్‌లో జీఎన్ చెట్టి రోడ్డు మీద, బెంగళూరు అలసూరు చెరువు పక్కన, హైదరాబాద్‌లో అమీర్‌పేట, గౌలిగూడలో, విశాఖలో సీతమ్మధార దగ్గర ఉన్నాయి. విశాఖలో ఆ కూడలి పేరే గురుద్వారా జంక్షన్. పేరు రోజూ పలుకుతున్నాం, గుమ్మం మాత్రం చూడలేదు!

నాందేడ్‌కు నిజామాబాద్, బాసర మీదుగా రైళ్ళు ఉన్నాయి. బస్సుల్లో దెగ్లూరు దారి కూడా ఉంది. రాత్రి ఉండాలంటే గురుద్వారా వాళ్ళ యాత్రీ నివాసాల్లో గదులు దొరుకుతాయి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. హోలీ, దసరా, దీపావళి, గురుపూరబ్ రోజుల్లో జనం విపరీతం. మొదటిసారి వెళ్ళేవాళ్ళు మామూలు రోజు ఎంచుకుంటే నెమ్మదిగా చూడొచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* తల కప్పుకోవాలి, చెప్పులు, మేజోళ్ళు విడవాలి, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి.
* బీడీ, సిగరెట్, గుట్కా, తంబాకు వెంట ఉండకూడదు.
* గ్రంథం వైపు కాళ్ళు చాపవద్దు, వీపు పెట్టవద్దు.
* ప్రసాదం, రొట్టె రెండు చేతులతో తీసుకోవాలి, పారేయవద్దు.
* ఫొటో తీయాలంటే ముందు అడగాలి. సెల్‌ఫోను మోత ఆపాలి.
* పలకరింపు 'సత్ శ్రీ అకాల్'. పెద్దలను 'బాబాజీ', మగవాళ్ళను 'భాయీ సాబ్', ఆడవాళ్ళను 'బీబీజీ' అనవచ్చు. మన 'నమస్కారం' అన్నా నవ్వుతూ అందుకుంటారు.
* ఏం చేయాలో తోచకపోతే ముందున్న మనిషి చేసినట్టు చేయండి. తప్పు జరిగితే ఎవరూ కసురుకోరు, చూపించి చెబుతారు.